ఎసరులో ఉప్పు

హిందూపురంలో బిర్యానీ మాస్టరు బాబావలి ఇల్లు. తెల్లారితే ధర్మవరంలో నికా వంట. పొయ్యి మీద చిన్న గిన్నెలో ఎసరు కాగుతోంది. గిన్నె పక్కన ఆయన భార్య బషీరా, కుర్చీ నిండా ఆయన.

"బజ్జీ తిని జింకు మాత్ర మింగతాండావా, మాత్ర మింగి బజ్జీ తింటాండావా? అర్థం కాక అడుగుతాండా."

"తిన్నాక మింగమన్నాడు డాక్టరు."

"ఇంత తిన్నాక అన్నాడా?"

"ఒంట్లో జింకు తగ్గింది మే. నేనేం చేసేది?"

"ఎట్ల తగ్గిందో గూడా చెప్పినాడు గదా. పక్కనే నిలబడి విన్నా."

"ఏదో చెప్పినాడులే."

"ఏదో కాదు. కొవ్వు ఊరికే కూర్చోదు, లోలోపల వాపు పెడతాది, ఆ వాపుకు రక్తంలో జింకు పడిపోతాది, నాలిక్కి రుచి తెలీకుండా పోతాది అన్నాడు. పొట్ట తగ్గించు, నడువు అన్నాడు. అంత చెప్తే నీ చెవిలో పడింది జింకొక్కటే."

"జింకొస్తే అన్నీ అవే సర్దుకుంటాయి."

"అవునవును. ఇల్లు అంటుకుంటే గోడకు సున్నం కొట్టుకో."

"ఎగతాళి చాల్లే. నాలిక బాగయింది. ధర్మవరంలో పోయిన పేరు రేపు ధర్మవరంలోనే తెచ్చుకుంటా."

"పోయిన నెల ఆడ తిన్నోళ్లు ఇంకా నీళ్లు తాగతానే ఉండారంట."

"ఒక్క తూరి ఉప్పెక్కువైంది. అయినా ఆ పెళ్లి చేసిన మొహిద్దీన్ సాబే రెండో కూతురి నికా గూడా నాకే ఇచ్చినాడు. ఎందుకు? నా చేతి మీద నమ్మకం."

"రేపు గూడా చెడితే?"

"బజ్జీ చల్లారిపోతాండాది."

"అడిగేది నిన్నే."

"చెడితే ఈ చుట్టుపక్కల నన్ను పిలిచేవాడుండడు. వంట డేక్షాలు అమ్ముకోవల్ల. భయమయ్యే గదా మాత్రలు మింగతాండేది."

"సరే. ఈ ఎసరు చూసి ఉప్పు సరిపోయిందేమో చెప్పు."

"అరచేతిలో పొయ్... ఊఁ. చప్పగా ఉండాది. ఇంకో పిడికెడు వెయ్."

"గిన్నె చూస్తే ఇంత. అందులో రెండు పిడికిళ్లు వేసినా."

"ఏంది?"

"ఉప్పు. ఇంకొకరు తాగితే కక్కుకుంటారు. వెయ్యమంటావా మాస్టరూ, ఇంకో పిడికెడు?"

"ఉండు, ఉండు. అట్లయితే పెనుకొండలో ఉప్పు ఎట్ల కుదిరింది? ఎర్రమంచి వలీమా విందులో మళ్లీ మళ్లీ వడ్డించుకున్నారే. నాలిక చచ్చినోడు అట్ల వండతాడా?"

"ఎసరు మరిగేటప్పుడు నువ్వు యాడుంటావు?"

"ఉప్పు చూసి, కుర్చీలో కూర్చుంటా. మోకాళ్లు నిలవనీవు గదా. టీ తాగతా."

"బజ్జీలతో."

"బజ్జీలతోనే. అయితే?"

"డేక్షా కాడ ఎవరుంటారు?"

"నువ్వు. మంట చూసుకుంటా ఉంటావు."

"మంటొక్కటేనా?"

"మే, బషీరా. నా ఎసరులో చెయ్యి పెట్టినావా?"

"చెంబులతో తోడి పారబోసి, వేడినీళ్లు పోసినా. నువ్వు బజ్జీ నుంచి తల ఎత్తేలోగా అయిపోతాది ఆ పని."

"ఎప్పట్నుంచి?"

"పోయిన రంజాన్ నుంచి."

"మరి ధర్మవరంలో..."

"ఆ పొద్దు నాకు జ్వరం. ఇంట్లో పండుకున్నా."

"ఎవరికీ తెలీదు గదా? మొహిద్దీన్ సాబుకు తెలిస్తే నికా ఇంకొకరికి ఇచ్చేస్తాడు. నీ కాళ్లు పట్టుకుంటా మే, నోరు మెదపొద్దు."

"వంగితే గదా పట్టుకునేది."

"నవ్వులాట కాదు. నా పేరు నిలబడేది పడేది రేపే. ఆయనకు చెప్పొద్దు."

"నేనేం చెప్పలా. ఆయనే నాకు ఫోన్ చేసినాడు. పోయిన తూరి నువ్వు రాలేదమ్మా, ఈ తూరి నువ్వొస్తానంటేనే మీ ఆయన్ను పిలుస్తా అన్నాడు."