మొత్తం దిద్దడం మరిచిన పెద్దసారు

సభకు వచ్చిన అందరికీ నమస్కారం. పెద్దసారు పోయి పదిహేను రోజులైంది. నిజం చెప్పొద్దూ, ఈ నాలుగు ముక్కలు రాయడం దండగనుకున్నాను. నిన్న సగం రాసి చింపేశాను కూడా. మళ్లీ డైరెక్టరుగారే కబురు పెట్టారు, "ముప్పై ఏళ్లు ఆయన పక్కన పనిచేసినవాడివి, నువ్వు మాట్లాడకపోతే బాగుండదయ్యా" అని. మాట్లాడితే బాగుంటుందని ఆయనెందుకు అనుకున్నారో నాకు తెలీదు.

మిత్రులారా, మన నీటి పరీక్షల ల్యాబుకు పెద్దదిక్కు పోయిందని ఇందాకటి నుంచి అందరూ అంటున్నారు. పోయింది, కాదనను. అంత నిక్కచ్చి మనిషి లేడన్నారు. అదీ కాదనను. సీసా మీద చీటీ వంకరగా అంటిస్తే పీకించి మళ్లీ అంటించేవారు. ఒకసారి నాచేత పద్నాలుగు సీసాలకు పీకించారు. పద్నాలుగోది అంటిస్తుంటే మొదటిది వంకరగా ఉందన్నారు.

నేను సీసాలు కడిగేవాణ్ని. లెక్కలు నేర్చుకున్నది ఆయన పారేసిన చిత్తుకాగితాల నుంచి. అసలు చెత్తబుట్టంత మంచి గురువు ఇంకొకరు లేరండీ. తిట్టదు, బెంచీ ఎక్కించదు, ఎంతసేపైనా నోరు తెరుచుకునే ఉంటుంది. సరే, దారి తప్పాను. ఒకరోజు నా చేతిలో అలాంటి కాగితం చూసి ఆయనన్నారు, "ఏరా, సీసాలు కడిగే చేతికి లెక్కలెందుకురా? రేపు నా కుర్చీ ఎక్కుతావా ఏం?" అని. అందరూ నవ్వారు. ఈ ముందువరసలో కొందరు ఇంకాస్త గట్టిగా నవ్వారు. గుర్తుందా?

ఇక అసలు సంగతి. కంగారుపడకండి, తేలికైన లెక్కే. ఉప్పులు నీళ్లలో కరిగితే అయాన్లుగా విడిపోతాయి. ఆ నీళ్ల అయానిక్ బలం తేలాలంటే ఒక్కో అయాను గాఢతను దాని ఆవేశం, అంటే విద్యుదావేశం, వర్గంతో గుణించాలి, అన్నీ కలపాలి, సగం చెయ్యాలి. అంతే.

ఐదేళ్ల కిందట ఒక బడి బావి నీళ్లు వచ్చాయి. చేదు నీళ్లు. వాటిలో ఫ్లోరైడు కొలవాలి. మీటరును ముందు మనం కలిపిన ద్రావణంతో సరిచూస్తాం. దాని అయానిక్ బలం బావినీళ్లతో సమానంగా లేకపోతే మీటరు తప్పు చెబుతుంది. ఆ నీళ్లలో ముఖ్యంగా ఉన్నది మెగ్నీషియం సల్ఫేటు, లీటరుకు 0.01 మోలు. రెండు అయాన్లకూ ఆవేశం రెండే. రెండుకు వర్గం నాలుగు. ఒక్కోదానికి 0.04, కలిపితే 0.08, సగం చేస్తే 0.04. పెద్దసారు వర్గం చెయ్యడం మరిచారు. 0.02 వచ్చింది, ద్రావణం ఆ లెక్కకే కలిపారు. మీటరు ఫ్లోరైడును తక్కువ చూపించింది, హద్దుకు వెంట్రుకవాసి కింద. బావి పాసైంది. పిల్లలు ఆర్నెల్లు తాగారు.

మరవడం తప్పా? కాదు. మనిషన్నాక మరుస్తాడు. కానీ వేరే ల్యాబు ఆ తప్పును పట్టుకున్నాక, విచారణ జరిగినప్పుడు ఆయనేమన్నారు? "ఆ లెక్క రెండో బల్ల అమ్మాయిది" అన్నారు. ఆ అమ్మాయి చేరి అప్పటికి ఏడాది. నాది కాదు మొర్రో అంది. ఎవరు విన్నారు? మీరు విన్నారా? నేను విన్నాను. విని, సీసాలు కడుక్కున్నాను. నా పిరికితనాన్నీ ఈ సభలోనే ఒప్పుకుంటున్నాను. రికార్డులో "నిర్లక్ష్యం" అని రాసి వారంలో ఆమెను పంపేశారు. ఆ ఒక్క మాట చూసి ఇంకే ల్యాబూ తీసుకోలేదు. అప్పటినుంచీ బట్టలషాపులో గుడ్డలు కొలుస్తోంది.

మొన్న ఆఫీసువాళ్లు నన్ను పెద్దసారు బీరువా సర్దమన్నారు. అడుగున ఈ రిజిస్టరు దొరికింది. ఇదిగో. లెక్కంతా ఆయన చేతిరాత, నల్ల సిరా. ఆవేశాల నెత్తిన వర్గం గుర్తులు మాత్రం తర్వాత పెట్టినవి, నీలం సిరా. అంటే ఆయనకు తెలుసు. తెలిసి దిద్దారు. దిద్ది దాచారు. అయ్యా, చీటీ వంకరైతే ఓర్చుకోలేని మనిషి నెత్తిన గుర్తులు పెట్టి, కింద మొత్తం మార్చడం మరిచారు! అక్కడ ఇంకా 0.02 అనే ఉంది.

మేడమ్‌గారూ, భర్తను పోగొట్టుకున్న మీ పుండు మీద కారం చల్లాలని రాలేదు. మీరు ఏడవడంలో న్యాయముంది. నాకు మాత్రం కన్నీళ్లు రావడం లేదు. ప్రయత్నించాను.

ఆ అమ్మాయి వచ్చింది. వెనక తలుపు దగ్గర కూర్చుంది. ఎందుకొచ్చావమ్మా అంటే, "ఆయనా పోయారు కదా బాబాయ్, తప్పు నాది కాదని ఇక చెప్పేదెవరు?" అంది. డైరెక్టరుగారూ, రికార్డులో ఆ మాట కొట్టేయగలిగింది మీరొక్కరే. ఆఫీసులో అడిగితే రేపు రమ్మంటారని ఇక్కడ అడుగుతున్నాను.

ఇక అందరూ లేవండి. రెండు నిమిషాలు ఎవరూ నోరు విప్పకండి. మనకు అలవాటైన పనే.

లేచారు. మౌనం అయ్యాక డైరెక్టరుగారు నా దగ్గరికొచ్చి, ఏ పేజీ అని అడిగారు. నలభై ఏడని చెప్పాను.