తియ్యరా ఆ హెల్మెట్

మానసిక వైద్యుడి క్లినిక్‌లో బావ, బావమరిది పక్కపక్కన కూర్చున్నారు. బావమరిదికి ఇరవై రెండేళ్లు. హాల్లో కూర్చున్నా తలమీద హెల్మెట్ తీయలేదు.

"తియ్యరా బాబూ. కుర్చీలో కూర్చుంటే యాక్సిడెంట్ అవుతుందా?"

"ఎవరైనా గుర్తుపడితే పిచ్చోడంటారు బావా."

"ఇప్పుడేమనుకుంటున్నారో చూడు. ఆ పెద్దావిడ నిన్ను చూసి రెండు కుర్చీలు అవతలికి జరిగింది."

"సరే, తీశాను. నవ్వకు."

"నవ్వేది నీ జుట్టు చూసి. తల దువ్వి ఎన్నాళ్లయిందిరా?"

"దువ్వాలనిపించట్లేదు. తినాలని లేదు, పడుకుంటే నిద్ర రాదు. అమ్మేమో ఫోన్ పక్కన పడేస్తే అన్నీ సర్దుకుంటాయంటుంది."

"అత్తయ్య నా నడుంనొప్పికీ ఫోనే కారణమంది. ఎముకల డాక్టర్ దగ్గరికి నేను ముసుగేసుకుని వెళ్లానా?"

"అది నడుం బావా. ఇది వేరు. మొన్న ఆరేసిన బట్టలు తీయడానికి మేడమీదకి వెళ్లి, పిట్టగోడ దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. దూకేస్తే బాగుండుననిపించింది."

బావ అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"నీకే. ఇప్పుడే."

"మంచిపని చేశావు. లోపలా ఇదే చెప్పు. ఒక్క ముక్క దాచకు."

"డాక్టర్ తిడితే?"

"తిట్టడానికి మీ అక్క ఉందిగా, ఫీజు కూడా తీసుకోదు. ఈయన వినడానికి."

ఇంతలో నర్సు పిలిచింది. కుర్రాడు లేచి, మళ్లీ కూలబడ్డాడు.

"నువ్వూ రా బావా."

"పద. కానీ పేషెంటెవరని అడిగితే చెయ్యెత్తాల్సింది నువ్వే."

"ఎత్తుతాను. ముందు నా చెయ్యి వదులు."

"వదలను. రెండోది ఎత్తు."