గంగాధర్ భుజమిచ్చిన జపాన్ కోట

కువైట్‌లోని అల్ రాయ్‌లో శుక్రవారం సంత వెనకవైపు, మెకానిక్ షెడ్లు వరసగా ఉండే వీధిలో ఖాసిం వలి టీ కొట్టు ఉంది. ఆ శుక్రవారం పొద్దున పది గంటలకు అక్కడ ముగ్గురు ఒక పనిమీద కూర్చున్నారు. పని పెట్టుకున్నది రాజయ్య. జగిత్యాల దగ్గరి మనిషి, కువైట్‌కు వచ్చి ఇరవై రెండేళ్లు దాటింది, మంగఫ్‌లో లేబర్ గదుల్లో ఉండేవాళ్లందరికీ పెద్దదిక్కు. నెల కింద అతని గదిలో ఒకతనికి కిడ్నీలో రాయి కదిలి నేలమీద పొర్లాడుతుంటే, బండ్లున్న ఐదుగురికి ఫోన్ చేశారు. ఐదుగురిలో ఒక్కరూ ఎత్తలేదు. చివరికి ఎవరో బంగ్లాదేశీ కూరగాయల వ్యాన్‌లో ఉల్లిగడ్డల బస్తాల మధ్య పడుకోబెట్టి తీసుకుపోయాడు. ఇక అట్లా జరగకూడదని, పిలిస్తే కచ్చితంగా వచ్చే డ్రైవర్ల పేర్లు, నంబర్లు ఒక కాగితం మీద రాసి ప్రతి గది తలుపుకూ అంటించాలని రాజయ్య నిర్ణయించాడు.

రాయడానికి వీరేంద్రను పిలిచాడు. వీరేంద్రది కడప, గోడౌన్‌లో స్టోర్‌కీపరు, దస్తూరీ ముత్యాల్లాగా ఉంటుంది, మాట మాత్రం కొంచెం గరుకు. మూడోవాడు నర్సింగ్. వెల్డరు. రాజయ్యతోపాటు బస్సెక్కి వచ్చాడే గానీ ఆ పనిలో అతను చెప్పేదేమీ లేదు. అసలు నర్సింగ్ ఎక్కడికి వెళ్లినా చెప్పేదేమీ ఉండదు. అడిగితే జవాబు, లేకపోతే నవ్వు. ఎడమచేతి మీద మణికట్టు నుంచి చిటికెనవేలి దాకా కుట్లు వేసిన మచ్చ ఒకటి, ఇంకా ఎర్రగానే ఉంది.

నాలుగు పేర్లు రాసేసరికి గంగాధర్ వచ్చాడు. రాయచోటి వైపు మనిషి, రుమైథియాలో ఒక ఇంట్లో డ్రైవరు. పనివాళ్లు మామా అని పిలిచే ఆ ఇంటావిడ బండిని ఎదురు షెడ్డులో ఆయిల్ మార్చడానికి వదిలి, చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాడు. కాగితం సంగతి తెలిసి, నా పేరు మొదట రాయాల్సింది పోయి ఐదోది చేస్తిరే అని నొచ్చుకున్నాడు. వీరేంద్ర పెన్ను కదపలేదు. ఇది పిలిస్తే వచ్చేవాళ్ల జాబితా అనీ, మాటలు చెప్పడానికి వచ్చేవాళ్లది వేరే రాస్తాననీ అన్నాడు. గంగాధర్ దాన్ని దులిపేసుకున్నాడు. అతని మాటలను జనం వినేవాళ్లు, నవ్వేవాళ్లు, నమ్మేవాళ్లు కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. నర్సింగ్ మాత్రం బెంచీ మీద కొంచెం జరిగి అతనికి చోటిచ్చాడు.

చాయ్ ఇస్తూ ఖాసిం వలి ఊరికే అడిగినట్టు అడిగాడు. మీ కఫీల్ వాళ్లు, అదే నీకు వీసా ఇచ్చిన ఇంటోళ్లు, ఆ మధ్య జపాన్ పోయొచ్చినారంట గదా అని.

"వాళ్లు పోయేదేంది ఖాసిమన్నా, నేను తోడుకోని పోయినా," అన్నాడు గంగాధర్.

అంతే, ఆ కొట్టులో జపాన్ దిగింది.

ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. ఎత్తైన రాతి పునాది, దాని మీద తెల్లగోడలు, అంతస్తు మీద అంతస్తుగా నల్లపెంకుల కప్పులు, ముందర రక్తం పూసినట్టు ఎర్రగా ఆకులున్న చెట్లు. అదొక కోట ఊరు. ఊరిపేరు ఖాసిం వలి అడిగితే ఒకటి చెప్పాడు, వీరేంద్ర అడిగితే ఇంకొకటి చెప్పాడు, ఎందుకట్లా అంటే చలికాలం ముందు ఒక పేరు, తర్వాత ఒక పేరు అన్నాడు. ఏటా ఆకులు ఎర్రబడే కాలంలో అక్కడ పాతకాలపు పండుగ చేస్తారట. ఆ కోట కట్టిన దొర ఎట్లా ఊరేగేవాడో అట్లాగే, ఇనుప కవచాలు తొడుక్కుని, గుర్రాలెక్కి, మందు కూరే పాత తుపాకులు పట్టుకుని ఊరంతా నడుస్తారట. అది చూడాలని మామా వాళ్ల అమ్మ, ఇంట్లో అందరూ పెద్ద మామా అనే ముసలావిడ, పట్టుబట్టిందట.

"ఆయమ్మకు మోకాళ్లు లేవు గదా. చక్రాల కుర్చీ. కోటకు పోవాలంటే ఏటవాలు దారి, ఆ పైన మెట్లు. అంతా ఒకరి మొకం ఒకరు చూసుకుంటాండారు. నేనేమి చేసినా, కుర్చీని, కుర్చీలో పెద్ద మామాను, ఆయమ్మ ఒళ్లో ఉండే ఖర్జూరం డబ్బాను, మూడింటినీ కలిపి నెత్తిన పెట్టుకోని ఎక్కేసినా. మందుల సంచి కూడా కింద పడలే."

ఎన్ని మెట్లు అన్నాడు రాజయ్య. నూటా ఎనిమిది అన్నాడు గంగాధర్. అది జరగవచ్చు అన్నట్టు రాజయ్య తల ఊపాడు. మొదటి మెట్టు ఎవరైనా ఒప్పుకుంటారు.

"పైకి పోయి ఊపిరి తీసుకుంటాంటే, ఇంగ ఆ తర్వాత ఏమైందో తెల్సునా?"

ఏమైందో తెలుసుకోవడానికి పక్క షెడ్డు నుంచి ఇద్దరు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఊరేగింపులో దొర వేషం వేసినవాడు కళ్లు తిరిగి పడిపోయాడట. కవచం బరువు యాభై కిలోలు. దాన్ని మోసే ఛాతీ కోసం కమిటీవాళ్లు జనంలో వెతుకుతున్నారట. వేలమందిని కొలతటేపు పెట్టి కొలుచుకుంటూ వచ్చి గంగాధర్ దగ్గర టేపు చాలక ఇంకో టేపు ముడి వేశారట. కవచం తొడిగారు, కొమ్ముల టోపీ పెట్టారు, గుర్రం తెచ్చారు. ఆ గుర్రం సామాన్యమైంది కాదట. దొర వంశం వాళ్లను తప్ప ఎవరినీ ఎక్కనివ్వదు, ముగ్గుర్ని అప్పటికే చెరువులో వేసింది.

"నేను దాని చెవిలో రెండే మాటలు చెప్పినా. మా ఊర్లో ఎద్దుకు చెప్పేవే. హో... సామీ, నిదానం... అని. అంతే, ముంగాళ్లు మడిచి కూచుండె. ఇప్పటికీ దానికి జపాన్ మాట చెప్తే కదలదంట. తెలుగు వచ్చినోడిని యాడ తేవాల అని మొన్న కూడా ఫోన్ చేసినారు."

"ఏ భాషలో చేసినారు?" అన్నాడు వీరేంద్ర.

"గుర్రమే చేసింది," అన్నాడు గంగాధర్, తడుముకోకుండా.

కొట్టంతా నవ్వింది. వీరేంద్ర కూడా పెదవి బిగబట్టుకున్నాడు. తర్వాత, ఇంత గొప్ప పండుగ ఏ రోజు జరిగిందో తేదీతో సహా చెప్పమన్నాడు. తేదీ అడిగితే తడబడతాడని అతని ఎత్తు.

గంగాధర్ తడబడలేదు. "నవంబర్ మూడు. ఆపొద్దు వాళ్లకు దేశమంతా సెలవు. కావాలంటే ఫోన్‌లో చూసుకో."

వీరేంద్ర ఫోన్‌లో చూశాడు. సెలవే. గుమ్మం దగ్గరివాళ్లు గంగాధర్ వైపు కొంచెం మర్యాదగా చూశారు.

నర్సింగ్ చేతిలో చాయ్ గ్లాసు అట్లాగే ఆగింది. అప్పటిదాకా అతను అందరితోపాటే నవ్వుతూ వింటున్నాడు. కఫీల్ వాళ్లు ఏటా ఎక్కడికో పోతారు, ఎప్పుడో ఒకసారి ఇతన్నీ తీసుకుపోయి ఉంటారని అనుకున్నాడు. నవంబర్ మూడు అన్నాక ఆ నవ్వు మొహం మీద ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ తేదీ అతను మరిచిపోయేది కాదు. ఎడమచేతిని మెల్లగా బల్లకిందికి తీసుకున్నాడు.

కథ అప్పటికి తుపాకుల దాకా వచ్చింది. వరసగా నలభైమంది మందు కూరిన తుపాకులు ఆకాశానికి ఎత్తి పేల్చాలట. పేరుకే పేల్చడం, అందులో గుండు ఉండదు. గంగాధర్ తుపాకీలో మాత్రం నాలుగు వందల ఏండ్ల కిందటి గుండొకటి మరిచిపోయి ఉండిందట. అది బయటికొచ్చి ఎర్రచెట్టుకు తగిలి, చెట్టున ఉన్న ఆకులన్నీ ఒక్కసారి రాలి, పెద్ద మామా కాళ్లకింద తివాచీ లాగా పరుచుకున్నాయట. గుండు అంతటితో ఆగలేదు. పక్క ఊరి గుడిగంటకు తగిలి గంట కొట్టింది, అక్కడివాళ్లు పూజవేళ అయిందనుకుని వచ్చేశారు. ఇప్పుడా గుండు మ్యూజియంలో ఉందట, కింద గంగాధర్ పేరుతో. పేరులో ఒత్తు తప్పు రాశారని, అదొక్కటే తన బాధ అని చెప్పాడు.

"ఆ మోతకు ఏమైందో తెల్సునా? కోట కదిలింది."

"నాలుగు వందల ఏండ్లు నిలబడిన కోట నువ్వు పోయిన దినమే కదిలిందా?" అన్నాడు ఖాసిం వలి.

"నేను పోయినందుకే నిలబడింది ఖాసిమన్నా, అది చెప్పు."

లేచి నిలబడి, గల్లాపెట్టె పక్కన ఉన్న గోడకు భుజం ఆనించి చూపించాడు. ఐదంతస్తుల కోట, తూర్పుకు ఒరుగుతోంది, కింద వేలమంది జనం. గుర్రం మీది నుంచి దూకి, కవచంతో సహా పోయి మూలరాయి కింద భుజం పెట్టాడట. మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా. తాపీమేస్త్రీలు రైలెక్కి రావాలి, వాళ్లూ పండుగ సెలవులో ఉన్నారు. ఆ ఊరి పిల్లలు వరసగా వచ్చి అన్నంముద్దలు నోట్లో పెట్టి పోయారు. నమిలేటప్పుడు కోట కొంచెం అటూ ఇటూ ఊగుతోందని, నమలకుండా మింగమన్నారు ఇంజనీర్లు. ఒకసారి తుమ్ము వచ్చింది. ఆ తుమ్మును ఆపుకుని, ఆపుకుని, విమానం దిగాక కువైట్ ఎయిర్‌పోర్టులో తుమ్మాడు.

సాయంత్రం మేయరు వచ్చి వంగి దండం పెట్టి, కోట తాళంచెవి చేతిలో పెట్టి, ఇక ఇది మీది, ఇక్కడే ఉండిపోండి అన్నాడట.

"నేనే వద్దంటి. మామా బండికి ఆయిల్ మార్చే తేదీ దగ్గరకొచ్చింది, నేను పోవాల అంటి."

గుమ్మం దగ్గరివాళ్లు చప్పట్లు కొట్టి, నవ్వుకుంటూ పనిలోకి పోయారు. గంగాధర్ కూర్చుని, చల్లారిన చాయ్ అందుకున్నాడు. అప్పుడు వీరేంద్ర పెన్నుకు మూత పెట్టాడు. నాలుగు పేర్లూ ఒకసారి చదివి, ఇంతటితో జాబితా అయిపోయిందా అని రాజయ్యను అడిగాడు. ఐదో పేరు తాను రాయనన్నాడు.

"పొద్దుపోక వినేదానికి బాగుండాది, కాదనను. నొప్పితో పొర్లాడేవాడు ఫోన్ చేసి, వస్తాండా అని ఈయన అంటే నమ్మి కూర్చుంటాడు. ఈయన అప్పుడు యాడ ఏ కోట మోస్తాంటాడో. ఆ పాపం నా పెన్నుకొద్దు."

అందులో తప్పేమీ లేదని రాజయ్యకూ తోచింది. గంగాధర్ మనసు నొప్పించడం ఇష్టంలేక, ఏమీ అనుకోవద్దు, ఇది ప్రాణాలతో పని అని మెత్తగా చెప్పాడు. గంగాధర్ నవ్వాడు. రాయకపోతే మానె, నాకు జపాన్ నుంచే ఫోన్లు ఎక్కువ అన్నాడు. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఎవరి మొహమూ చూడలేదు, గ్లాసు అడుగున మిగిలిన చాయ్‌పొడి చూశాడు. పక్కనే ఉన్న నర్సింగ్‌కు అది కనిపించింది.

తాను మాట్లాడితే పదిమందిలో గంగాధర్ కథ కూలిపోతుంది. మాట్లాడకపోతే ఆ కాగితం ఇట్లాగే తలుపులకు అంటుకుంటుంది. నర్సింగ్ రెండూ తూచుకుని, బల్లకింది నుంచి చెయ్యి తీసి పైన పెట్టాడు.

"గంగాధరన్నా, నువ్వు జపాన్ పోలే," అన్నాడు. "నవంబర్ మూడో తారీఖు పొద్దుగాల ఏడింటికెళ్లి మాపటిదాంక నువ్వు దవాఖానల నా దగ్గర్నే ఉన్నవ్."

నర్సింగ్ అంత పొడుగు మాట మాట్లాడటం రాజయ్య ఎప్పుడూ వినలేదు. తర్వాతది ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆ రోజు పొద్దున డ్యూటీ ఎక్కగానే గ్రైండర్ రాయి పగిలి చెయ్యి చీల్చింది. సైట్‌లో ఉన్న బండి ఎటో పోయింది. తెలిసిన నంబర్లన్నీ అయిపోయాక, ఈ కొట్టులోనే ఒక్కసారి చూసి నంబరు రాసుకున్న గంగాధర్‌కు చేశాడు. బ్యాటరీ పడుకోకుండా రోజూ తిప్పమని మామా వాళ్లు వదిలిపోయిన బండి వేసుకుని అతను రుమైథియా నుంచి వచ్చాడు. రక్తం సీటుకు అంటుతుందని నర్సింగ్ కింద కూర్చోబోతే, తన చొక్కా విప్పి పరిచాడు. కాగితాలు నింపాడు, అరబ్బీ మాట్లాడాడు. ఆపరేషన్ అయ్యేదాకా బయట బెంచీ మీదనే ఉన్నాడు. తర్వాత కట్టు మార్చడానికి తొమ్మిదిసార్లు తీసుకుపోయి తీసుకొచ్చాడు.

"మత్తు దిగినంక నొప్పికి నేను ఏడుస్తుంటే, మీ ఇంట్ల పనిజేసే తిరుపాలమ్మ జపాన్ కెళ్లి పంపిన వీడియోలు జూపిచ్చినవ్. గుర్రాలు, తుపాకులు, ఎర్రచెట్లు. గా కోట నేను గూడ సూసిన అన్నా, నీ ఫోన్ల. పెద్ద మామా కుర్చీని నూకింది తిరుపాలమ్మనే."

ఖాసిం వలి స్టవ్ తగ్గించాడు. రాజయ్య నర్సింగ్ చెయ్యి పట్టుకుని మచ్చను చూశాడు, ఒకే గదుల వరసలో ఉండి కూడా తీసుకుపోయింది గంగాధర్ అని తనకెందుకు చెప్పలేదని అడిగాడు. గంగాధరన్ననే చెప్పొద్దన్నాడని నర్సింగ్ జవాబిచ్చాడు.

గంగాధర్ దొంగతనం పట్టుబడినవాడిలాగా గొణిగాడు.

"బాగా సాగుతాండె గదరా నర్సింగ్. దవాఖాన బెంచీ మీద కూచున్న కథ ఎవురు వింటారప్పా."

వీరేంద్ర పెన్ను మూత తీశాడు. నాలుగు పేర్లకూ పైన, కాగితం అంచున మిగిలిన జాగాలో గంగాధర్ అని రాసి, నంబరు చెప్పమన్నాడు. గంగాధర్ ఒక్కొక్క అంకే చెప్పాడు. కువైట్ నంబరుకు ఉండే ఎనిమిది అంకెలూ రాసుకున్నా వీరేంద్రకు అలవాటైన అనుమానం పోలేదు. తన ఫోన్ తీసి ఆ నంబరుకు అక్కడే రింగ్ ఇచ్చాడు.

గంగాధర్ జేబులో ఫోన్ మోగింది. మొదటి రింగ్ పూర్తికాకముందే తీసి చెవిన పెట్టుకుని, ఎదురుగా మూరెడు దూరంలో కూర్చున్న వీరేంద్ర మొహంలోకి చూస్తూ అడిగాడు.

"చెప్పప్పా, యాడికి రావాల?"