కర్రెగుట్టోళ్లకు తెలివి లేదట

ఆపు బిడ్డా, ఆడనే ఆపు. గా లైను మల్లొక్కసారి సదువు. ఏమన్నవ్? "కర్రెగుట్ట జాతివారు ఏదీ కనిపెట్టలేదు. వారికి తెలుసుకోవాలన్న కోరిక లేదు." మంచిగున్నది. మీ బాపు పోయినంక నిన్ను సదివిపిచ్చింది గిందుకేనా?

లేవకు. ఏడికి పోతవ్? సకల జనుల సమ్మె మొదలై పదిహేను దినాలాయె. బస్సుల్లేవు. నాకు డ్యూటీ లేదు, నీకు పట్నం పోయే తొవ్వ లేదు. కూసో. నా మేనకోడలు చేసే నౌకరి ఏందో సూద్దామని నేనే అడిగిన. కంప్యూటర్ల ఆడే ఆటకు కథ రాస్తున్న మామా అన్నవ్. సదువుమన్న, సదివినవ్. ఇగ నేను జెప్పేది ఇను.

నాకు అర్థమైన కాడికి చెప్త, తప్పైతే తప్పను. ఒక నది. ఆవలి ఒడ్డున బంగ్లాలు, గాలిల తేలే పడవలు, ఎన్నడు ఆరిపోని దీపాలు. ఈవలి ఒడ్డున కర్రెగుట్టోళ్లు. తట్టలు, కట్టెలు, చమురు బుడ్లు. పొద్దున లేస్తె ఒకని మొఖం ఒకడు సూసుకుంటరు, సరుకులు ఇచ్చిపుచ్చుకుంటరు. అయినా ఇంత తేడా ఎట్లున్నదని మీ ఆఫీసు సారు అడిగిండు. ఆడేటోళ్లు నమ్మరు, కారణం రాసి సాయంత్రంకల్లా పంపియ్యమన్నడు. నువ్వు రాసిన కారణమేమో మనోళ్లకు తెలివి లేదని.

మనోళ్లు ఎట్లయితరంటవా? మరి తట్ట నెత్తిన వెట్టుకున్నోడు ఎవడే? నీ కంప్యూటర్ల గా బొమ్మ సూస్తనే ఎరుకైంది నాకు. నెత్తికి తువ్వాల చుట్టిన తీరు అచ్చం మీ బాపుదే. ఫోటో సూసి గీయిపిచ్చినవా లేదా? మొఖం అటు తిప్పుకుంటున్నవ్. ఉన్నమాటంటే ఉలుకెక్కువ.

మీ సారుకు నమ్మబుద్ధి గాకుంటె ఈడికి రమ్మను. కమాన్‌పూర్ తొవ్వల, నేల మీదికెల్లే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్టు కట్ట మీద నిలవెడుత. డంపరు టైరు ఒక్కటే మనిషి మీద మనిషి ఎత్తుంటది. ఆడికెల్లి మైలు దూరం లేదు మా బొగ్గుబాయి. పదేండ్ల కిందటి దాంక మేము గా బాయిల తట్టలతోని బొగ్గెత్తి టబ్బులు నింపినం. షిఫ్టు అయి బయటికొస్తె డంపర్ల సప్పుడు ఇనవడేది. ఒక్కటే కంపెనీ, ఒక్కటే బొగ్గు, క్యాంటీన్ల చాయ సుత ఒక్కటే.

మరి మేమెందుకు తట్ట వట్టినం? పెద్ద మిషను పెద్ద జాగలనే వడుతది. మా బొగ్గు పొర సన్నది, కప్పు కింద నడుము వంచి నడవాలె. మిషను వట్టని జాగల మనిషిని దూరుస్తరు. అండ్ల తెలివి ముచ్చట ఏమున్నది? గది రాయరాదూ.

కరెంటు ప్లాంటోళ్ల జ్యోతినగర్ క్వార్టర్ల దీపాలు ఎవరి బొగ్గుతోని వెలుగుతయే? ఈడేమో కరెంటు పోయి రెండు గంటలాయె. నీ కంప్యూటరు ఎంతసేపు ఉంటదో ఏమో, జల్ది దిద్దు మరి.

విశ్వేశ్వరరావు సారని ఒక ఇంజినీరు ఉండె మాకు. ఏదన్న అడిగితె, "మీకిదంతా అర్థం కాదులే మొగిలీ" అనేటోడు. పొమ్మన్నట్టు చెయ్యి ఊపేటోడు. ఆయన ఎక్కడికెల్లో వచ్చినోడు, అన్నడంటె అన్నడు. నువ్వు ఈ ఇంట్ల బువ్వ తిన్నదానివి. గాయిన నోట్లె మాట నీ కాగితంలకు ఎట్లొచ్చింది?

ఇంకోటి. కనిపెట్టలేదు అన్నవ్ సూడు, గా మాటకు నా కడుపు మండింది. బాయిల కనిపెట్టుడు అంటె ఏందో ఎరుకేనా నీకు? ఒకడు తట్ట నింపుతుంటె ఇంకొకడు కట్టెతోని పైన కప్పును కొట్టి ఇంటడు. కంగుమంటె గట్టిది. బొదబొద అంటె ఊడేది. మీ బాపు నింపేది, నేను కనిపెట్టేది. పదహారేండ్లు. వంగే ముందు రోజూ అనేటోడు, కనిపెట్టుకోని ఉండు బావా అని.

ఆగు. నువ్వనేది కొత్తది తయారుచేసుడు. ఆ మాత్రం నాకు తెల్వదా? తెలుసు. సదువుకోకపోతి గని చెవిటోన్ని గాను. నేనడిగేది ఏందంటె, రాయి కడుపుల ఏమున్నదో సప్పుడు ఇని చెప్పుడు ఇకమతు గాదా, తెలివి గాదా? మీ ఆటల దానికెన్ని మార్కులు? గాలిల తేలే పడవకైతె వందలు, గిదానికి సున్నా. మార్కులేసేది ఎవడో గని వాడు ఎన్నడు బాయిల దిగలే.

తెలుసుకోవాలన్న కోరిక లేదా? ఎవరికి? మీ బాపు పోశానికా?

మా బాయికి సుత మిషనొచ్చిందే. బొగ్గెత్తేది, పొట్టిది, మా కప్పు కింద పట్టేది. అందరు దూరంకెల్లి సూసిన్రు. మీ బాపు ఒక్కడే దగ్గరికి వోయి దాని మీద చెయ్యేసిండు, కొత్తగ కొన్న బర్రెను నిమిరినట్టు. షిఫ్టు అయినంక సుత ఆపరేటరు పక్కన నిలవడేది. లీవర్ల పేర్లు మరిచిపోతనని వంటింట్ల గోడ మీద బొగ్గుతోని రాసుకున్నడు. ఎత్తుడు, దించుడు, కుమ్మరించుడు. మీ అవ్వ సున్నమేసే దాంక ఉండె. పదమూడేండ్లు నీకప్పుడు. యాది లేదా?

యాదికున్నదా. ఉండి సుత గా లైను రాసినవ్.

ఏమంటున్నవ్? మిషను ఉండంగ బాపు తట్టెందుకు వట్టిండంటవా?

గట్ల సూడకు నా దిక్కు. మీ బాపు సూపే.

మిషను ఖరాబైందని మీ అవ్వకు చెప్పిన. నీకు గదే చెప్పిన. ఎవరడిగినా గదే. కడుపు చించుకుంటె కాళ్ల మీద పడుతదని పదకొండేండ్లాయె నోరు మూసుకోని ఉన్న. గని నువ్వు తెలివి లేదని రాస్తివి. ఉట్టి చేతులతోని పనిచేసుకుంట సచ్చినోన్ని తెలివితక్కువోన్ని జేస్తివి. ఇగ ఎట్ల ఊకుండాలె?

మిషనొస్తె నలభై మంది ఫిల్లర్లల్ల, అంటె మా అసొంటి తట్టలోళ్లల్ల, ఆరుగురు సాలన్నరు. తక్కినోళ్లను దూరం బాయిలకు పంపుతరని పుకారు. "నీ పేరు పోయేటోళ్లల్ల ఉన్నది మొగిలీ" అని మా షిఫ్టు గట్టయ్య నాకు చెప్పిండు. నిజమో అబద్ధమో దేవునికెరుక. మీ బాపు నేర్చుకుంటుండె గద, ఆయన ఉంటడు. నేను మూట గట్టుకోవాలె. భయమైంది. భయం అన్నది సుత సగమే. మిగిలింది కుళ్లు. సొంత బావ మీద కుళ్లు.

బాయిల మంట అంటుకోకుండ తెల్లపొడి చల్లుతరు, స్టోన్ డస్టు అంటరు. టిఫిన్ డబ్బల గది నింపుకోని పోయి మిషను ఆయిల్ ట్యాంకుల వోసిన. ఒక్కన్నే. ఎవరు చెప్పలే, ఎవరు సూడలే. మూడో దినం దాని పంపు పట్టేసింది. సామాన్లు వచ్చే దాంక తట్టలు వట్టుండ్రి అన్నరు. మీ బాపు ఒక్క మాట అనలే. తువ్వాల చుట్టుకోని తట్ట వట్టిండు.

తట్ట వట్టిన పదకొండో దినం. కప్పు కొట్టి సూసిన, ఒట్టు, కంగుమన్నది. కంగుమన్న కప్పే గంట తిరగకుండ మీ బాపు మీద దిగింది. నేను రెండు గజాలు ఎనుక ఉన్న. మిషనైతె దాని మూతి ముందుకు వోతది, మనిషి ఎనుక ఉంటడు. తట్టైతె మనిషే ముందుకు వోవాలె. దవాఖానకు మోసుకపోయేదేమి లేకుండె.

మీ అవ్వకు తెల్వదు. ఏటేటా రాఖీ గడ్తది నాకు. గీ చేతికే.

ఏడ్వకు. ఏడిస్తె ఏడ్వు. నన్ను మామా అనకున్నా మంచిదే. గని గా లైను కొట్టెయ్. ఇట్ల రాయి. యంత్రం వాళ్ల గడప దాంక వచ్చింది. నేర్చుకునేటోడు నేర్చుకుంటుండె. వాళ్లల్లనే ఒకడు, చెల్లె మొగడని సుత సూడకుండ, దాని కడుపుల మట్టి వోసిండు. అందుకే ఆ ఒడ్డుకు పడవలు, ఈ ఒడ్డుకు తట్టలు.

వాడెవడు, పేరు లేకుంటె ఆడేటోళ్లు నమ్మరంటె పేరు వెట్టు. నీ కాలేజీ ఫారాలల్ల తండ్రి పేరు కొట్టేసి గార్డియన్ అన్న కాడ ఉంటది, సూసి రాసుకో.