డ్రాయింగులో ఉన్నట్టే

హలో… ఆ, నేనే, చెప్పు మేస్త్రీ… క్లాసులోనే ఉన్నా, పర్లేదు. పిల్లలూ, చెవులు ఇటు పెట్టండి. సైటులో మేస్త్రితో ఎలా మాట్లాడాలో ఏ పుస్తకంలోనూ ఉండదు…

నిన్ను కాదయ్యా, మా స్టూడెంట్లని.

ఊఁ, నువ్వు పంపిన ఫొటో చూశా. బాల్కనీకి లావు ఇనప చువ్వలు పైన కట్టావేంటి?… నా డ్రాయింగులో కిందేగా ఉన్నాయి?…

అలవాటా! ఇరవై ఏళ్ళుగా పాఠం చెప్తున్నా, నాకే నేర్పుతావా?… విప్పు. మొత్తం విప్పి కిందకి దించు… కాంక్రీటు బండి వీధి మలుపులో ఉంటే ఉండనీ, ఆగమను!

ఎందుకంటే… సరే, విను. పిల్లలూ, మీరూ చూడండి. ఇదిగో స్పాంజి, పైనా కిందా గాట్లు పెట్టా. రెండు చివర్లూ రెండు పుస్తకాల మీద పెట్టా. నడుమ నొక్కితే… కింది గాటు నోరు తెరిచింది. సాగేచోట ఇనుము కావాలి. అందుకే కింద. బుర్రకెక్కిందా?…

అది దూలమే, కాదన్నానా?… బాల్కనీకి అవతలి చివర ఆధారమేదంటావేంటి, ఏదీ ఉండదు, గాల్లోనే—

…

సరే, నీ ముచ్చట ఎందుకు కాదనాలి. ఒక చివర గట్టిగా పట్టుకున్నా. రెండోది కిందకి నొక్కుతున్నా…

…

ఆ, లైన్లోనే ఉన్నా.

పైది తెరుచుకుంది.

నవ్వకండర్రా!

మేస్త్రీ… విప్పకు. పైనే ఉండనీ, బండిని రమ్మను… ఏం లేదు, ఎప్పుడో గీసిన దూలం బొమ్మనే బాల్కనీకి అతికించినట్టున్నా. గీసిందే కదా అని ప్రతి ఇంటికీ అదే…

ఏంటీ? నువ్వు కట్టిన నాలుగిళ్ళకీ పైనే పెట్టావా?… నీ నోట్లో పంచదార పొయ్య! మరి ఒక్క ముక్క చెప్పలేదేం?…

ఆ. చెప్తే వినేదాన్ని కాదు. అదీ నిజమే. సిగ్గుగా ఉంది మేస్త్రీ.

ఎవరిల్లు?… మా అక్కదా?… అది నువ్వు కట్టలేదుగా… ఆ, డ్రాయింగు అదే…

నువ్వు మాట వినవనే కదా, అక్కకి వేరే మేస్త్రిని నేనే కుదిర్చింది. చాలా బుద్ధిమంతుడు. కాగితంలో ఎలా ఉంటే అలాగే కడతాడు… భుజం తట్టి మరీ మెచ్చుకున్నా…

…

అయ్యో.

పిల్లలూ, క్లాసు అయిపోయింది, వెళ్ళండి… మేస్త్రీ, నువ్వు ఆ బండి పని కానిచ్చి నాలుగు గట్టి దుంగలు పట్టుకుని అక్క ఇంటికి వచ్చెయ్యి. బాల్కనీ పడకుండా కింద పోటు పెట్టాలి… ఉంటా, పెట్టేస్తున్నా. ముందు అక్కకి ఫోన్ చెయ్యాలి. ఈ టైముకి బాల్కనీలోనే బట్టలు ఆరేస్తూ ఉంటుంది.