స్తూపం మీద ఎల్మర్ పేరు

కెనడాలో, సస్కాచెవాన్‌లోని ఆ చిన్న ఊళ్లో అమరుల స్మారక దినానికి ఇంకా వారమే ఉంది. సైనికుల సంఘం కార్యదర్శి, మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లొచ్చిన ముసలి ఎల్మర్‌ని హాలుకు పిలిపించి కాఫీ పోసింది. ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తోచలేదు.

"తాతా, ఈసారైనా పలక్కు."

"పేరు పెట్టి పిలిచేది మీరేగా? పలక్కపోతే బావుంటుందా?"

"చదివేది యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు! ఎవరూ పలకరు, అదే పద్ధతి. నువ్వేమో వెనకనుంచి 'ఉన్నాను' అని అరుస్తావు. పోయినేడు పోస్ట్‌మాస్టరుకి నవ్వాగక, ఊదుతున్న బూర దూడలా అరిచింది."

"నేను పోయానని స్తూపం మీద చెక్కించిందెవరు?"

"పొరపాటే. నువ్వు తిరిగొచ్చేసరికి రాయి నిలబెట్టేశారట. పోనీ, ఈ ఏడు నీ పేరు చదవను. గొడవే ఉండదు."

తాత కప్పు కింద పెట్టేశాడు.

"వద్దమ్మాయ్. నోరు మూసుకుంటాను, చదువు."

"బతికున్నవాడివి, నీకెందుకా పట్టింపు?"

"ఆర్చీ పేరు తర్వాత నాదేగా. కందకంలోనూ వాడి పక్కన నేనే. నన్ను పిలవకపోతే, వాణ్ణక్కడ వదిలేసి ఇంటికొచ్చేశానని వాడికి తెలిసిపోదూ?"