మీటరక్క మూత తీసిన ఆదివారం

ఏ ఇల్లు, మలుపులో మందుల షాపు పక్కనున్నదా? ఆకుపచ్చ గేటు. తెలుసు, బయటినుంచి బానే ఉంటుంది. రేపే అడ్వాన్సా? అదేంటే, కూరగాయలు కొన్నట్టు. మీ ఆయన చూశాడా? ఫోటోలు చూశాడు. సరిపోయింది. ఫోటోలో మీ అత్తగారు కూడా నవ్వుతూనే ఉంటుంది. కూర్చో, కూర్చో. నన్నడిగితే నేనేం చెప్తానే, నేను మేస్త్రీనా, ఇంజనీరునా. నాకు ఇళ్ల గురించి తెలిసిన నాలుగు ముక్కలూ మా వదిన చెప్పినవే. మీ మామయ్యకి అక్క. నువ్వు చూళ్లేదు, నువ్వు పుట్టేసరికే పోయింది. ఊళ్లో అందరూ మీటరక్క అనేవాళ్లు. నీళ్ల ఆఫీసులో ఉద్యోగం. నెలకోసారి ఇంటింటికీ తిరిగి మీటరు చూసి, అంకె రాసుకుపోవడం. ఇరవై రెండేళ్లు అదే పని. ఏ ఇంటి కుక్క కరుస్తుందో, ఏ ఇంట్లో మొగుడూ పెళ్లాలు ఏ గదిలో పోట్లాడుకుంటారో, ఏ గోడ ఏ వానకి ఉబ్బుతుందో, అన్నీ తెలుసావిడకి. మొదటి రెండూ చచ్చినా చెప్పేది కాదు. మూడోది అడిగినవాళ్లకి చెప్పేది. దాంతో ఊళ్లో ఎవరు ఇల్లు కొనాలన్నా ఆదివారం పూట ఆవిణ్ణి వెంటబెట్టుకుపోవడం అలవాటైపోయింది. పైసా పుచ్చుకునేది కాదు. రిక్షా కూడా ఎక్కేది కాదు, నడిచే వచ్చేది, వీధి కూడా చూడాలిగా అనేది.

ఎలా చూసేదంటావా? ఇల్లు కట్టి చూడమన్నారు గానీ కొని చూడమని ఎవరూ అన్లేదే మరదలా, అనేది నాతో. కట్టినవాడికి లోపలేముందో తెలుసు, తెలీంది కొన్నవాడికే. ఎండ కాసేప్పుడు ఇల్లు చూడ్డానికి వెళ్లొద్దనేది. ఎండలో ప్రతి ఇల్లూ పెళ్లికూతురేనట. వాన పడుతుంటే కూడా వద్దు, అప్పుడు మంచి గోడా తడుస్తుంది. వాన వెలిసిన మూడోరోజు వెళ్లాలి. మంచి గోడ ఆరిపోయుంటుంది, జబ్బు గోడ ఆరదు. గోడని అరచేత్తో తాకేది కాదు. అరచెయ్యి గిన్నెలు తోమీ తోమీ మొద్దుబారి ఉంటుంది, దానికేం తెలుస్తుంది అని, ఇదిగో ఇలా, చెయ్యి తిరగేసి ఆనించేది, జ్వరం చూసినట్టు. తెరిచిపెట్టిన తలుపుల్ని నమ్మేది కాదు, ప్రతిదీ వేసి గడియ పెట్టి చూసేది. పైన స్నానాలగదిలోనూ కింద వంటింట్లోనూ కుళాయిలు ఒకేసారి తిప్పించేది. పైన ఒకళ్లు స్నానం చేస్తుంటే కింద బియ్యం కడుక్కోడానికి చుక్క రాకపోతే ఆ కాపురం ఎన్నాళ్లు నిలుస్తుందండీ అనేది. చివర్లో అమ్మేవాళ్లనో ప్రశ్న అడిగేది. ఈ ఇంట్లో మీకు నచ్చనిదేంటండీ? అంతే. ఏమీ లేదండీ అన్నారో, చెప్పులేసుకునేది. పదేళ్లు కాపురం చేసి నచ్చనిదేం లేదన్నవాడు ఇంటి గురించే కాదు, దేని గురించీ నిజం చెప్పడని ఆవిడ లెక్క. నాకూ అది నిజమే అనిపిస్తుంది. మీ మామయ్యని నేను నలభయ్యేళ్లలో ఎన్ని మాటలన్నానో. అంత నచ్చిన మనిషి మళ్లీ ఆయనే.

ఆ, ఏం చెప్తున్నాను. మా ఇల్లమ్మిన సంగతి. అంటే, అమ్మబోయిన సంగతి. అప్పట్లో మీ మామయ్య ఆఫీసు ఊరి ఆ చివరికి మార్చారు. రెండు బస్సులు మారి వెళ్లేవాడు. పొద్దున్న వెళ్తే పిల్లాడు పడుకున్నాక రావడం. ఆఫీసు వెనక వీధిలోనే ఒక ఇల్లు దొరికింది, స్కూలు కూడా కూతవేటు దూరం. అడ్వాన్సు ఇచ్చేశాం. ఆ ఇంటాయన, నెలాఖరులోగా మిగతాది తెస్తే సరి, లేకపోతే బట్టలకొట్టాయన కాచుక్కూర్చున్నాడు, అన్నాడు. కాబట్టి నెలాఖరులోగా మా ఇల్లు అమ్ముడుపోవాలి. పోకపోతే అదీ పోతుంది, అడ్వాన్సూ పోతుంది. మా ఇంటికేమో వెనకగది గోడొకటుంది. మోకాలెత్తు దాకా ఎప్పుడూ చెమ్మే. బుడగలు, పెచ్చులు. మేం వెళ్లిన కొత్తల్లో అరచెయ్యంత ఉండేది, తొమ్మిదేళ్లలో అంతైంది. వాన చెమ్మలే అనుకున్నాం. పెయింటర్ని పిలిచాను. వాడు గోడ చూసి, అమ్మా, గీకి రెండు కోటింగులేస్తాను, ఆర్నెల్లు ఢోకా లేదన్నాడు. ఆర్నెల్ల తర్వాతో అన్నాను. ఆర్నెల్ల తర్వాత గోడ మీది కాదుగదమ్మా అన్నాడు. ఎంత తెలివైనవాడో చూడు. వేయించాను. పైగా నా తెలివి కూడా ఉండాలని బీరువా తీసుకొచ్చి అక్కడ పెట్టించాను. పైన పటారం లోన లొటారం. ఇల్లు అమ్ముతున్నామని మా వదినకి మాత్రం చెప్పలేదు. అక్కయ్యకి చెప్తే బీరువా వెనక చూస్తుందే అన్నాడు మీ మామయ్య. ఇద్దరం కుక్కిన పేనుల్లా ఉన్నాం.

ఇల్లు చూడ్డానికి ఒక డ్రాయింగు మాస్టారూ ఆయన భార్యా వచ్చారు. మంచివాళ్లు. ఆ అమ్మాయికి ఏడో నెల. వెనకగది చూసి, ఇది చల్లగా ఉందండీ, పుట్టబోయేదాని కోసం ఇది ఉంచుకుంటాం, అంది. చల్లగా ఉండదూ మరి. ఆదివారం ఇంకొకళ్లని తీసుకొచ్చి చూపించి మాట ఇచ్చేస్తామండీ అన్నారు. వాళ్ల నాన్నో మామయ్యో అనుకున్నాను. ఆదివారం గేటు చప్పుడైతే కిటికీలోంచి చూశాను. ముందు మాస్టారు, వెనక భార్య, ఆ వెనక గొడుగు చంకలో పెట్టుకుని మా వదిన. వీధి మలుపు తిరిగేదాకా ఆవిడకీ తెలీదట ఏ ఇంటికి తీసుకొస్తున్నారో. గేటు దగ్గరే ఆగింది. ఆగి వాళ్లతో, ఇది మా తమ్ముడిల్లండీ, నేను చూడొచ్చో కూడదో మీరే చెప్పండి, అంది. మాస్టారు మొహమాటస్తుడు. అయ్యో, అయితే మరీ మంచిదండీ, అన్నాడు. సరే, అయితే ఈ గంటసేపూ నేను ఈ ఇంటి ఆడపడుచుని కాదు, అంది. అని లోపలికొచ్చి, సొంత తమ్ముణ్ణి పట్టుకుని, నమస్కారమండీ, ఇల్లు చూడ్డానికొచ్చాం, అంది. మీ మామయ్య మొహం చూడాలి. చిన్నప్పుడు ఆయనకి ముక్కు తుడిచిన మనిషి.

తలుపులు చూసింది, కుళాయిలు చూసింది. మేడమెట్లు ఎక్కి దిగింది. నేను వెనకాలే. ఈ ఇంట్లో మీకు నచ్చనిదేంటండీ, అంది నాతో. ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసుగా, సిద్ధంగా ఉన్నాను. పక్కింటి రేడియో మోతండీ, అన్నాను. చిన్నదొకటి ఒప్పుకుంటే పెద్దది అడగరని నా ఉద్దేశం. ఇంకోటి చెప్పండి, అంది. నాకు ఒళ్లు మండింది. అప్పుడప్పుడు చుట్టాలొస్తారండీ, అన్నాను. మాస్టారు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. అది ఇంటి లోపం కాదులెండి, మీరు ఇల్లు మారినా మీతోనే వస్తారు, అంది. వెనకగదిలోకెళ్లింది. బీరువా ముందు నిలబడింది. ఇది ముందుగదిలో ఉండాల్సింది కదండీ, జరిపించండి, అంది. అక్కయ్యా, నా నడుం పట్టేసిందే, అన్నాడు మీ మామయ్య. మీ నడుం సంగతి డాక్టరుకి చెప్పుకోండి, నేను గోడ చూడ్డానికొచ్చాను, అంది. మాస్టారే పాపం ఒక పక్క పట్టుకుని జరిపాడు. మా వదిన వంగి, చెయ్యి తిరగేసి ఆనించి, గోటితో ఇలా అంది. రంగు కాగిన పాలమీద మీగడలా లేచొచ్చేసింది. ఆ వాసనకి మాస్టారు భార్య ముక్కు మూసుకుని బయటికెళ్లిపోయింది. నాకు నెలాఖరు కళ్లముందు కనబడింది. మా వదిన మాత్రం నిమ్మకి నీరెత్తినట్టు, ఇది వాన చెమ్మ కాదండీ, అంటోంది. వాన చెమ్మ పైనుంచి దిగుతుంది, ఇది కిందనుంచి ఎక్కింది, గచ్చు కింద గొట్టం కారుతోంది, చూపిస్తాను, ఇంట్లో కుళాయిలన్నీ కట్టెయ్యండి, అంది. నువ్విది గుర్తుపెట్టుకో, ఇది ఎవరూ చెప్పరు. అన్నీ కట్టేశాక కూడా మీటరు ముల్లు కదులుతుంటే, నీళ్లు నీకు కనబడని చోటికి పోతున్నట్టు.

మీటరు పెరట్లో, నేలలో గుంట, దానిమీద ఇనప మూత. ఆ మూత మీద నా పూలకుండీ. పెద్దది, సిమెంటుది. అడుక్కి పాచి పట్టి మూతకి అతుక్కుపోయుంది. మా వదిన ఆ కుండీని చూస్తూ నిలబడిపోయింది. ఎందుకంటే ఆ వీధి మీటర్లు చూసేది ఆవిడేగా. ఊరందరి మూతలూ తీసే మనిషి, మా ఇంటికొచ్చేసరికి, కాళ్లు పీకుతున్నాయే మరదలా, అని కుర్చీలో కూలబడేది. నేను టీ ఇచ్చేదాన్ని. మీ మామయ్య లోపల్నుంచి, పోయిన నెలకి ఓ ఇరవై వేసుకో అక్కయ్యా, అనేవాడు. వేసుకునేది. తొమ్మిదేళ్లు అలాగే. మనింటి సంగతేగా అని ముగ్గురికీ అందులో తప్పేమీ కనబడలేదు. మాస్టారు, మీ మామయ్య కలిసి కుండీ ఎత్తారు. ఆవిడే మూత తీసింది. గొంతుక్కూర్చుని గుంటలోకి చూసింది. ఇంట్లో చుక్క నీరు వాడటంలేదు, ముల్లు మాత్రం తాపీగా తిరుగుతోంది, దానికెవరో సెలవు రోజు లేదని చెప్పినట్టు. మీటరు మీది అంకెకీ, ఆవిడ పుస్తకంలో అంకెకీ చుట్టరికమే లేదు. లేచి, చేతులు దులుపుకుని మాస్టారుతో అంది. గచ్చు తవ్వాలండీ, రెండు నెలల పని. తవ్వించాక కొంటే కొనండి, ఇప్పుడు మాత్రం కొనకండి. ఇది కొత్తగా వచ్చింది కాదు, ఈ మీటరు చూసే మనిషి తొమ్మిదేళ్లుగా మూత తియ్యలేదు, తీసుంటే మొదటి ఏడే తెలిసేది. మాస్టారుకి కోపం వచ్చింది. అలాంటివాళ్ల మీద కంప్లైంటు ఇవ్వాలండీ, ఎవరా మనిషి, అన్నాడు. నేనే, అంది. ఆయన వంగి మూత అంచు ఓసారి ఎత్తి చూశాడు. మూత చాలా బరువుగా ఉందండీ, అన్నాడు.

వాళ్లు వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు. అప్పుడు నేను అందుకున్నాను. నోరుమూసుకుంటే నీ సొమ్మేం పోయింది వదినా, తమ్ముడు రెండు బస్సులెక్కి చస్తున్నాడు, నీకు ఊళ్లో పేరు కావాలి, అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇప్పుడెందుకు. అన్నీ వింది. విని, వెనకగదిలో ఎవరు పడుకుంటారే, అంది. తెలీనట్టు అడుగుతావేం, పిల్లాడు, అన్నాను. వాడికా దగ్గు ఎప్పట్నుంచి, అంది. మీ బావ చిన్నప్పుడు మాటకి ముందు దగ్గు, వెనక దగ్గు. దుమ్ము పడదన్నాడు డాక్టరు. అందుకని రోజుకి రెండుసార్లు ఆ గదంతా నేను తడిగుడ్డ పెట్టి తుడిచేదాన్ని. తడిగుడ్డ. మా వదిన వెళ్లి వాడి పరుపు తిరగేసింది. గోడవైపంతా నల్లటి మచ్చలు. మంచం పట్టుకుని తనొక్కతే ముందుగదిలోకి ఈడ్చుకుపోయి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. ఆ గోడకి నేను రంగు వేయించాను, ఆ గది ఇంకొకళ్ల పసిపిల్లకి అంటగట్టబోయాను. ఆవిడ మూత తియ్యలేదు. ఎవరి తప్పు ఎక్కువో నేనింతవరకూ తేల్చలేదు, తేలినా ఏం చేసుకుంటాను.

సోమవారం ఆఫీసుకెళ్లి తనమీద తనే కాగితం రాసిచ్చిందట. ఆఫీసరు, చింపెయ్యమ్మా, మీ తమ్ముడిల్లేగా, అన్నాట్ట. తమ్ముడిల్లు కాబట్టే ఇలా అయిందండీ, అందట. రెండేళ్లు జీతం పెంచలేదు ఆవిడకి. మాకు తొమ్మిదేళ్ల నీళ్లకి ఒకేసారి బిల్లొచ్చింది. నెలాఖరుకి ఆ ఇల్లు బట్టలకొట్టాయన కొనుక్కున్నాడు. మీ మామయ్య రిటైరయ్యేదాకా రెండు బస్సులూ ఎక్కుతూనే ఉన్నాడు. గచ్చు తవ్వించాం. ప్లంబరు గొట్టం ముక్క కోసి నా చేతిలో పెట్టాడు, చూడండమ్మా, అని. ఆవగింజంత చిల్లు. ఇంత రాద్ధాంతం దానికి.

ఆ రెండు నెలలూ నేను ఆవిడతో మాట్లాడలేదు. నెలనెలా వచ్చేది, గుమ్మంలోకి కాదు, పెరటి దారినే. మీటరు చూడాలండీ, అని కేకేసేది, తీసేది, రాసుకునేది, పోయేది. పని పూర్తయిన తర్వాత నెల కూడా అలాగే వచ్చింది. మధ్యాహ్నం. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. కిటికీలోంచి చూస్తే మూత తీసి కూర్చునుంది. ఆవిడ అడక్కుండానే కుళాయి కట్టేసి, చెయ్యి తుడుచుకుని వెళ్లి పక్కన నిలబడ్డాను. ముల్లు కదల్లేదు. ఆవిడ మాత్రం లేవదు. ఎంతసేపు చూస్తుంది, నిలిచిపోయిన ముల్లుని. లోపల ముందుగదిలో మీ బావ నిద్రపోతున్నాడు, ఆ రోజు స్కూలు లేదు. కిటికీ తెరిచే ఉంది. కాసేపటికి నాకర్థమైంది, ఆవిడ చూడ్డంలేదు, వింటోంది. వాడు దగ్గి పదకొండు రోజులైంది వదినా, అన్నాను. ఊఁ, అంది. పుస్తకంలో అంకె రాసుకుంది. టీ పెడతాను లోపలికి రా, అన్నాను. ఈ వీధిలో ఇంకా పద్నాలుగున్నాయే మరదలా, అని మూత వేసి, లేచి…

నీ ఫోనేనా ఆ మోగేది? మీ ఆయనే అయుంటాడు, రేపటి సంగతడగడానికి. తియ్యి. నా పేరు చెప్పకు, నీకేమనిపిస్తోందో అది చెప్పు.